జపాను డబ్బా కోసం నిరాహార దీక్ష

జనగామ స్టేషన్ రోడ్డులో మా అన్నకు వీడియో గేముల దుకాణం ఉండేది. టీవీకి తగిలించి ఆడే మిషన్‌ని మేమంతా డబ్బా అనేవాళ్ళం. ఊళ్ళో తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. బందు పిలుపు వస్తే బడులకు సెలవు, పిల్లలంతా మా దుకాణంలోనే. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరేవాళ్ళు. ఆ గోలంటే నాకు ప్రాణం. కాలేజీ అయిపోగానే వచ్చి గల్లా దగ్గర కూర్చునేదాన్ని, ఖాళీ దొరికితే ఆడేదాన్ని. మగపిల్లల్ని ఓడించడంలో ఉన్న సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కానీ డబ్బాలు పాతబడ్డాయి. పిల్లలు హన్మకొండ దుకాణాల గొప్పలు చెప్పడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే కొత్త తరం డబ్బాలు వస్తున్నాయని తెలిసింది. ఒకటి జపాను వాళ్ళది, ఇంకొకటి అమెరికా వాళ్ళది. మా అన్న తాహతు ఒక్కదానికే. తప్పుది తెస్తే దుకాణం మూయడమే. మూస్తే భూపాలపల్లి పోవాలి. పెద్దక్కను అక్కడే ఇచ్చాం. బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని ఇప్పిస్తానని బావ వారం వారం ఫోన్ చేసేవాడు. అన్న లేని జనగామను తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

అన్న మనసు అమెరికా డబ్బా మీద పడింది. నెట్ సెంటర్లో దాని వీడియో చూపించాడు.

"చూడే చెల్లె, చేతుల రిమోటే అక్కర్లేదు. నిలవడి చేతులూపితే సాలు. పోరగాండ్లు రిమోట్లు ఇరగ్గొట్టుడు బందైతది."

"అది దినాం నెట్టుల హాజరు పలకాల్నట. లేకుంటే ఆడదట. పాత సీడీలు మార్చుకునుడు గుడ కష్టమేనట. మన కరెంటే సక్కగ ఉండదు, నెట్టు యాడికెల్లి తెస్తవ్? జపానోని దానికి ఈ తిప్పల్లేవట."

"గంత పెద్ద కంపెనోళ్ళకు తెల్వదా, నీకు తెలుసా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. హాస్టల్లో ఉండి నాతో పాటు డిగ్రీ చదివే దోస్తు దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాను. ఆమెది మానుకోట అవతల, గంగారం దిక్కు అడవిలో తండా. మా దుకాణంలో నన్ను ఓడించే మనిషి ఆమె ఒక్కతే. అంతా విని తాపీగా అంది.

"మా తండల ఫోన్ సిగ్నల్ కావాల్నంటే మనం చెట్టెక్కాలె. ఈ డబ్బాను గుడ దినాం చెట్టెక్కిస్తడా మీ అన్న?"

ఆ రోజుల్లో జనగామలో ఎవరికి ఏం కావాలన్నా తెలిసిన దారి ఒక్కటే, దీక్ష. వకీళ్ళు కూర్చున్నారు, ఆటోవాళ్ళు కూర్చున్నారు, మేమెందుకు కూర్చోకూడదు? రిలే నిరాహార దీక్ష అంటే పొద్దున కూర్చుని సాయంత్రం లేవడం, మర్నాడు వేరేవాళ్ళు కూర్చోవడం. దుకాణం ముందే శామియానా వేయించాం. తెలంగాణ కోసమే అనుకుని టెంటు హౌసు ఆయన కిరాయి కూడా అడగలేదు. మేము బ్యానర్ కట్టలేదు, ఆయన ఏమీ అడగలేదు.

ఒక్కటి మర్చిపోయాం. ఆ రోజు మిరుగం, మృగశిర కార్తె మొదలయ్యే రోజు. మిరుగం నాడు చేప వండని ఇల్లు మా వాడలో ఉండదు. పదకొండు గంటలకల్లా వాడంతా పులుసు వాసన. మా దీక్షలో కూర్చున్న ఇంటర్ పిల్లవాడు ఇంటికి పోయి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. మా అన్న మామూలోడా? మధ్యాహ్నం కాగానే టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి నా ముందు నిలబడి మూత తీశాడు.

"కొర్రమట్టలే. అవ్వ చింతపండు గట్టిగ పోసింది. తింటవా, ఉద్యమం జేస్తవా?"

సరిగ్గా అప్పుడే చౌరస్తా నుంచి ఊరేగింపు వచ్చింది. ముందు నడుస్తున్నది రిటైరైన లెక్కల సారు, ఊళ్ళో సగం మందికి చదువు చెప్పిన మనిషి. శామియానా కింద ఆడపిల్లలను చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. మేము నోరు తెరిచేలోపే మెడల్లో బంతిపూల దండలు పడ్డాయి. నీళ్ళ గురించి, కొలువుల గురించి ఆయన మాట్లాడుతుంటే జనం చప్పట్లు కొట్టారు. చివరికి నా వైపు తిరిగి అడిగాడు.

"చెప్పు బిడ్డా. మీ డిమాండేంది?"

సారుతో అబద్ధమాడే ధైర్యం జనగామలో ఎవరికీ లేదు. ఉన్నదంతా చెప్పాను. మా దోస్తు తల పూర్తిగా వంచేసుకుంది. సారు గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"అంటే మనం కొన్న డబ్బా, మనింట్ల ఆడాల్నంటే, ఏడనో కూసున్నోడు దినాం సరే అనాలె. గంతేనా?"

"గంతే సారు."

"మరి మనం ఇన్నేండ్ల సంది కొట్లాడుతున్నది దేనికి? న్యాయమైన డిమాండే."

జనమంతా నవ్వారు, ఆ వెంటనే జై కొట్టారు. మా అన్న చేతిలో పులుసుతో అలాగే నిలబడిపోయాడు. సారు అన్నను చూశాడు. ఊరేగింపు మొత్తం చూసింది.

"జపానోనిదే తెస్త సారు," అన్నాడు అన్న.

సారు మాకు నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేశాడు. పులుసు అన్న, నేను, మా దోస్తు ముగ్గురం కలిసి తిన్నాం. అంత రుచైన చేప నేను మళ్ళీ తినలేదు.

పది పన్నెండు రోజులు తిరక్కముందే అన్న నెట్ సెంటర్ నుంచి నవ్వుకుంటూ వచ్చాడు.

"మీ దీక్షకు అమెరికావోడు దిగొచ్చిండే. హాజరు గీజరు ఏం లేదట. సీడీలు గుడ మార్చుకోవచ్చునట."

నా వాదమంతా ఒక్క మాటతో గాలికి పోయింది. ఆయన ఇష్టపడ్డ డబ్బాకు ఇప్పుడు వంకే లేదు. బలవంతంగా నా మాట నెగ్గించి, దుకాణం మునిగితే ఆయన్ని భూపాలపల్లి బస్సెక్కించేది నేనే అవుతాను.

"నీకు నచ్చిందే తెచ్చుకో అన్నా. ఇప్పుడు నేనేం అడ్డం చెప్ప," అన్నాను.

అన్న నవ్వు ఆపేశాడు.

"మనకు రాష్ట్రమిస్తమని మాటిచ్చి తప్పినోళ్ళను చూసి చూసి యాష్టకొచ్చింది. నలుగుర్ల ఒప్పుకొని నేను గుడ గదే జేస్తే, వాళ్ళకు నాకు ఫరకేముంది?"

చలికాలం పోకముందే జపాను డబ్బా మన దేశానికి వచ్చింది. అమెరికా డబ్బా వచ్చేసరికి మళ్ళీ వానాకాలం అయింది. అప్పటికి మాకు రాష్ట్రం కూడా వచ్చేసింది. ఆ మధ్య నెలల్లో కొత్త ఆట కోసం నర్మెట్ట నుంచి, లింగాల ఘనపూర్ నుంచి పిల్లలు బస్సెక్కి మా దుకాణానికే వచ్చారు. అట్లా దుకాణం కిటకిటలాడుతున్న ఒక ఆదివారం బావ ఫోన్ చేశాడు. నేను మా దోస్తుతో పోటీలో ఉన్నాను. చేతులు రిమోటు మీద, చెవులు అన్న మీద.

"ఆ బొగ్గుబాయి జాగ ఇంకెవరికన్న ఇయ్యి బావా," అన్నాడు అన్న. "నేను జనగామల్నే ఉంట."

ఆ ఆటలో మా దోస్తు నన్ను చిత్తుగా ఓడించింది. ఓడకేం చేస్తాను, కళ్ళ నిండా నీళ్ళుంటే తెర ఎక్కడ కనిపిస్తుంది?