మిరప చేలో హాజరు ఫోటో

నా పదవీ విరమణకు నాలుగు నెలలుందనగా, ఒక మార్చి నెలలో, మా పత్రిక గుంటూరు కార్యాలయం నన్ను చిలకలూరిపేట దగ్గరి ఒక మిరప చేనికి పంపింది. అప్పటికి నా హోదా చీఫ్ ఫోటోగ్రాఫర్. చీఫ్ అనిపించుకోవాలంటే కింద ఎవరో ఒకరు ఉండాలి. మా కార్యాలయంలో ఉన్న ఫోటోగ్రాఫర్‌ని నేనొక్కణ్ణే.

అప్పగించిన పని మల్టీమీడియా కథనం. అంటే పత్రికలో ఫోటోలు వస్తాయి, వెబ్‌సైట్‌లో అవే ఫోటోల వెనక అక్కడి మాటలూ చప్పుళ్ళూ వినిపిస్తాయి. ఫోటోలు నా బాధ్యత, శబ్దం వెబ్ విభాగం సబ్ ఎడిటర్ లావణ్యది. కోత కూలీల ఒక రోజును ఉన్నదున్నట్టు చూపించాలని మా చీఫ్ సబ్ ఎడిటర్ ఆదేశం. ఇలాంటి పనిలో నియమం ఒకటే. ఎవరినీ నిలబెట్టి తీయకూడదు. కెమెరా ఉందన్న సంగతి వాళ్ళు మరిచిపోయేదాకా కాచుకోవాలి. కోత ముఠా మర్నాడు ఇంకో ఊరు వెళ్ళిపోతుంది, కాబట్టి మాకున్నది ఆ ఒక్క రోజే. నా చివరి పెద్ద పని అదేనని నాకు తెలుసు. బాగా రావాలని మహా పట్టుదలగా ఉన్నాను.

చేను వెంకటేశ్వర్లు గారిది. ముఠా మేస్త్రి కోటేశ్వరమ్మ. చీరల మీద మగవాళ్ళ ఫుల్ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని ఆడవాళ్ళంతా వంగి కాయ కోస్తున్నారు. ఇంతకంటే ఏం కావాలనుకుని కెమెరా ఎత్తాను.

"ఫోటో! ఫోటో! లైన్లోకి రండే!" అని కోటేశ్వరమ్మ కేక పెట్టింది. ముఠా అంతా కోత ఆపి, గట్టు పక్కన బారుగా నిలబడి, నా వంక చూసి టపటపా కళ్ళార్పింది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎండాకాలం వీళ్ళంతా ప్రభుత్వ ఉపాధి హామీ పనికి వెళతారు. అక్కడ హాజరు ఫోనులోనే. బారుగా నిలబడి ఫోటో దిగాలి, బొమ్మ కాదు మనిషేనని తెలియడానికి కళ్ళార్పాలి. ఫోటోలో పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని వాళ్ళకు కెమెరా అంటే హాజరు, హాజరంటే కళ్ళార్పడం. నేను ఎవరి తాలూకో, ఎందుకొచ్చానో వాళ్ళకు అనవసరం.

ఇది హాజరు కాదమ్మా, మీ పని మీరు చేసుకోండని చెప్పాను. సరేనంది. మళ్ళీ కెమెరా ఎత్తాను. ఈసారి చేతిలో కాయలు పట్టుకుని మరీ కళ్ళార్పారు. లాభం లేదని పక్క చేని గట్టెక్కి, దూరాన్ని దగ్గరగా చూపించే పెద్ద లెన్సు బిగించాను. "అదిగో, ఆణ్ణించి తీస్తన్నారు!" అని కేక వినపడింది. మంచినీళ్ళకు వెళ్ళినావిడ, నా ఫోటో పడలేదు ఆగండాగండంటూ చెంబుతో సహా పరుగెత్తుకొచ్చి వరుస చివర నిలబడింది.

నా అవస్థ ఇలా ఉంటే వెంకటేశ్వర్లు గారి బాధ వేరు. నేను కెమెరా ఎత్తినప్పుడల్లా కోత ఆగుతోంది. పైగా అంతకుముందు కోసిన పంటంతా కల్లంలో పరిచి ఉంది. తడిస్తే రంగు చెడి తాలు కింద లెక్క, సగం ధర కూడా పలకదు. "మీకు దణ్ణం పెడతానండీ, మబ్బు చూడండి ఎట్టా కమ్ముకొస్తందో. కాసేపు ఆ కెమెరా లోపల పెట్టండి," అన్నారు. మనసొప్పకపోయినా పెట్టాను. లావణ్య మాత్రం కోటేశ్వరమ్మ చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించి తన పని తాను చూసుకుంది.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ముఠా అంతా చేను వదిలి కల్లం వైపు పరుగు తీసింది. కాయలు కుప్పకు లాగి పెద్ద టార్పాలిన్ పట్ట కప్పుతున్నారు. నల్లటి ఆకాశం, ఎర్రటి కల్లం, గాలికి ఉబ్బిన పట్ట. ఉద్యోగమంతా ఎదురుచూసిన ఫోటో ఇదేననిపించి ఒళ్ళు పులకరించింది. కెమెరా ఎత్తాను.

పట్ట కొస పట్టుకున్న ముగ్గురు ఆడవాళ్ళు ఠక్కున ఆగి, నిటారుగా నిలబడి కళ్ళార్పారు. పట్ట చేతులు జారి గాల్లోకి లేచింది. వెంకటేశ్వర్లు గారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

"కెమెరా దించవయ్యా సామీ! చూస్తావేంది, వచ్చి ఆ కొస పట్టుకో!" కోటేశ్వరమ్మ అరిచిన అరుపుకు నా హోదా ఏ గట్టున పడిందో తెలియదు. కెమెరా సంచిలో పడేసి, పట్ట కొస దొరకబుచ్చుకుని దాని మీద బోర్లా పడ్డాను. వాన దంచికొట్టింది. మిరప ఘాటుకు తుమ్ములు, దగ్గు, కంట్లో మంట. అంతసేపూ కళ్ళార్పింది నేనొక్కణ్ణే. అంచున కాసిని తడిశాయిగాని పంట దక్కింది. వెంకటేశ్వర్లు గారి ముఖం తేటపడ్డాక నాకూ ఊపిరి ఆడింది.

కార్యాలయంలో నా ఫోటోలన్నీ తెర మీద వేశారు. అన్నిట్లోనూ బారుగా నిలబడ్డ మనుషులు, సగం మందికి మూసిన కళ్ళు. అప్పుడు లావణ్య తాను రికార్డు చేసిన శబ్దం పెట్టి వినిపించింది. కాలరు మైకు సంగతి కోటేశ్వరమ్మ పూర్తిగా మరిచిపోయింది. గాలి హోరు, పరుగులు, వాన, నా తుమ్ములు అన్నీ ఉన్నాయి. వాటికి ముందు ఎవరితోనో ఆమె అన్న మాట కూడా ఉంది: "పాపం, పెద్దాయనే, పొద్దుట్నించీ ఒక్క ఫోటో సరిగ్గా పడట్లేదు. ఉపాధి పనికాడ హాజరేసే పిల్లయితే ఒక్క దెబ్బకి తీసేసుద్ది."

చీఫ్ సబ్ ఎడిటర్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళు మూసుకున్న ఆ వరుస ఫోటో ఒక్కటే తెర మీద ఉంచి, వెనక ఆ శబ్దమంతా ఒక్క మాట కొయ్యకుండా నడిపించారు.

ప్రచురణయ్యాక ముఠా పని చేస్తున్న ఊరు వెళ్ళి చూపించాం. తన తిట్లు తాను విని కోటేశ్వరమ్మ సిగ్గుపడలేదు. ఫోటోను దగ్గరగా చూసి, వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, "అందరం పడ్డామండీ," అంది తృప్తిగా.

మిగిలిన ఉద్యోగ కాలంలో నేను పద్ధతి మార్చాను. ఎక్కడికి వెళ్ళినా ముందు అందరినీ వరుసలో నిలబెట్టి ఒక ఫోటో తీసేవాణ్ణి. ఎవరూ తప్పిపోలేదని వాళ్ళకు చూపించేవాణ్ణి. తాను లెక్కలో ఉన్నానని తెలిశాకే మనిషి కెమెరాను మరిచిపోతాడు. అసలు ఫోటోలు ఆ తర్వాతే వచ్చేవి.