ఇండస్ట్రీ లేని లంక

ఇండస్ట్రీ అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా మనవడు పేపరు చదువుతూ, "ఇక్కడికి కొత్త ఇండస్ట్రీ వస్తోందట తాతా" అంటాడు. ముందు కోపం వస్తుంది, తరవాత వాడి తప్పేముందని సర్దుకుంటాను. వాడికి ఆ మాటంటే ఫ్యాక్టరీ, పొగగొట్టం, ఇనప గేటు. నేను బడిలో నేర్చుకున్నప్పుడు దానికి అర్థం అది కాదు. విసుగు లేకుండా, ఎవరూ చూడకపోయినా, రోజూ ఒకేలా కష్టపడే గుణం. అదీ ఆ మాటకు మాకు చెప్పిన అర్థం. కాంపోజిషన్ క్లాసులో దాని మీద నాలుగు పేజీలు రాయించేవారు. చీమ గురించి ఒక పేజీ, తేనెటీగ గురించి ఒక పేజీ, మిగతా రెండు పేజీల్లో ఇంగ్లాండులో పుట్టిన మహానుభావులు.

ఏలూరు హైస్కూల్లో చివరి ఏడు నాకు ఒక ప్రైజు ఇచ్చారు. ఎర్ర అట్ట పుస్తకం. లోపల మొదటి పేజీలో నా పేరు, దాని కింద 'ఇండస్ట్రీకి గాను' అని ఇంగ్లీషులో వంకీలు తిప్పి రాసి ఉంది. పరుగున ఇంటికి వెళ్ళి మా నాన్నకి చూపించాను. మా నాన్న తివాచీలు నేసేవాడు. మగ్గం ముందు పలక మీద కూర్చుని ఉన్నాడు, పక్కన మా అక్క ఉంది. నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నా చోట్లో కూర్చున్నది అదే. తెల్లారిన దగ్గర్నుంచి ఊలు ముళ్ళు వేసి, కత్తితో కోసి, ఇనప దువ్వెనతో దిమ్మెస కొట్టీ కొట్టీ దాని బొటనవేళ్ళు కాయలు కాశాయి.

"దేనికిచ్చారురా?" అన్నాడు నాన్న.

"బాగా కష్టపడినందుకు."

ఆయన పుస్తకం తిరగేసి చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టి, "మరి అక్కకేదీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా మనసు బాగాలేదు. ఆ పుస్తకం నేను చదవనేలేదు.

టీచరు ట్రైనింగు అయ్యాక నన్ను కొల్లేట్లో ఒక లంకకు పంపారు. బండి దిగి, తాటి దోనె ఎక్కి, తూటికాడ పొదల మధ్య నుంచి పూటంతా పోతే వచ్చే ఊరు. అంతా చేపలు పట్టేవాళ్ళు. బడి ఇంకా బడి కాదు. ఒక ఏడాది నడిపి చూస్తారు, తరవాత ఇన్‌స్పెక్టరు వచ్చి మంచి మాట రాస్తే గ్రాంటు వస్తుంది, లేకపోతే లేదు. నన్ను పంపించినవాళ్ళు ఈ సంగతి స్పష్టంగానే చెప్పారు. గ్రాంటు రాకపోతే నేను దోనె ఎక్కి వెనక్కి రావడమే, ఆ పిల్లలు వలల దగ్గరికి వెళ్ళడమే.

బడికి చోటిచ్చింది ఒక విధవరాలు. మొగుణ్ణి తుపానులో పోగొట్టుకుంది. వలలు దాచుకునే తన పాకని ఊడ్చి, అలికి, నాకు అప్పజెప్పింది. ఊరంతా పెద్దమ్మ అనేవారు, నేనూ అదే అన్నాను. ఆమె చేతిలో కదురు లేకుండా ఎప్పుడూ చూడలేదు. జనపనార పేని వలకి దారం చేసేది. నడుస్తూ పేనేది, మాట్లాడుతూ పేనేది, గుమ్మంలో నిలబడి మా పాఠం వింటూ పేనేది. రెండో ఎక్కం ఆమెకి నా పిల్లలకన్నా ముందే వచ్చేసింది.

"ఆడపిల్లకి చదువెందుకని ఊళ్ళో అడుగుతున్నారండి" అంది ఒకసారి, కూతుర్ని నా ముందుకి తోస్తూ. "కాయితాలు వస్తాయి కదండీ, మన గురించి ఎవరో ఏదో రాస్తారు. ఏం రాశారో మన పిల్లే చదివి చెప్పాలండి. ఇంకోళ్ళు చెప్పింది నమ్ముకుని ఎన్నాళ్ళండీ?"

ఆ పిల్ల ఏడాదిలో గుణింతాలు దాటి చిన్న చిన్న మాటలు చదివేది. ఇంకో ఏడాది ఉంటే పేపరు చదివేది. నాకు ఆ నమ్మకం ఉంది.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు అందింది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పెద్దమనిషి దోనె కనబడితే పని ఆపేస్తారు. వల అల్లుతున్నవాడు వల పక్కన పెడతాడు, చేపలు పడే వెదురు మావులు కడుతున్నవాడు లేచి నిలబడతాడు. వచ్చినాయన వెళ్ళేదాకా ఎవరూ పనిలో చెయ్యి పెట్టరు. పనిలో ఉండి పలకరించడం మర్యాద కాదని వాళ్ళ లెక్క. మా ఇంట్లోనూ అంతే. తివాచీ కొనే షావుకారు వస్తే మా నాన్న మగ్గం పలక మీంచి దిగిపోయేవాడు. అందుకని నేను ఆ ఆచారాన్ని ఇంకాస్త బిగించాను. ముందు రోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. వలలు, మావులు కంటికి కనపడకూడదు. నీచువాసన రాకూడదు. ఉతికిన బట్టలు కట్టుకోండి. గట్టు మీద వరసగా, చేతులు కట్టుకుని ఉండండి.

అందరూ "ఆయ్" అన్నారు. పెద్దమ్మ ఒక్కతే ఇబ్బందిపడింది.

"ఊరికే నిలబడాలంటే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీదండి నాకు. మూలకి కూర్చుని పేనుకుంటానండి, ఆయన కంట పడను."

"ఒక్క పూట ఆ కదురు పక్కన పెట్టండి పెద్దమ్మా. బడి కోసం" అన్నాను.

పెట్టేసింది.

వచ్చినాయన తెల్లదొర కాదు, మనవాడే. అయినా అందరూ దొరగారనే అన్నారు. దోనె దిగుతూనే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, మళ్ళీ దోనె ఎక్కేదాకా తియ్యలేదు. పిల్లలు ఎక్కాలు గడగడా చెప్పారు. పెద్దమ్మ కూతురు పలక మీద తన ఊరి పేరు రాసి చూపించింది. ఆయన పలక వైపు చూడనైనా లేదు. బయటికి వచ్చి గట్టు మీద నిలబడ్డవాళ్ళని చూసి, ఇంగ్లీషులో, "వీళ్ళు రోజూ ఇలాగే ఉంటారా?" అన్నాడు.

"చిత్తం" అన్నాను.

ఎందుకన్నానో అడక్కండి. ఇరవై ఏళ్ళవాణ్ణి. పై అధికారి ఏం అడిగినా నోటికి ముందు వచ్చే మాట అదే.

నెల తిరక్కముందే కాయితం వచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. పిల్లల చదువు గురించి ఒక్క ముక్క లేదు. ఈ జనానికి ఇండస్ట్రీ లేదనీ, పట్టపగలు మగా ఆడా ఊరికే నిలబడి ఉంటారనీ, టీచరు కూడా ఆ సంగతి ఒప్పుకున్నాడనీ, ఇక్కడ బడికి గ్రాంటు ఇవ్వడం అనవసరమనీ రాశాడు. నాకు ప్రైజు పుస్తకంలో రాసిన మాటే. ఆ వంకీలు లేవు గాని, అదే మాట.

ఆయనకి ఆ ఆచారం తెలియక రాశాడని చాలామంది నాతో వాదించారు. తెలియకపోవడమేమిటి! ఆయన తన పై అధికారి వచ్చినప్పుడు కలం కింద పెట్టి, లేచి, చేతులు కట్టుకోడూ? ఆయన చేస్తే అది వినయం, కొల్లేటివాడు చేస్తే సోమరితనం. వాళ్ళు మొలలోతు నీళ్ళలో దిగి మావులు ఎత్తే వేళకి ఆయన దుప్పటి ముసుగు కూడా తీసి ఉండడు. అరగంట చూశాడు, ముక్కు మూసుకుని చూశాడు, ఒక ఊరి బతుకంతా తెలిసినట్టు ఒక్క మాటలో తేల్చేశాడు.

ఊరంతా పాక ముందు చేరి, "ఏం రాశారండీ?" అని అడిగారు. అందరికన్నా ముందు పెద్దమ్మ ఉంది, చేతిలో కదురు తిరుగుతోంది.

"వానాకాలం దారి ఉండదట, అందుకని బడి ఇవ్వరట" అన్నాను.

"దానికేముందండి, వేసంగిలో మళ్ళీ అడుగుదాం" అంది ఆమె.

నేను పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. వాళ్ళు పని ఆపింది అధికారి మీద గౌరవంతో అని రెండు పేజీలు విడమరిచి రాశాను. రిపోర్టు మార్చడానికి వీలు లేదని రెండు లైన్ల జవాబు వచ్చింది. దోనె ఎక్కి వచ్చేశాను.

ఆ తరవాత తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేరాను. అక్కడ ఆ మాట నాకు మళ్ళీ ఎదురైంది, వేషం మార్చుకుని. వచ్చే ఉత్తరాల్లో, వెళ్ళే ఉత్తరాల్లో రైస్ ఇండస్ట్రీ, మన ఇండస్ట్రీ, ఇండస్ట్రీ అభివృద్ధి. మొదట్లో రైసుకి కష్టపడే గుణం ఏమిటా అని నవ్వొచ్చేది. మెల్లిగా అర్థమైంది, ఇప్పుడు ఇండస్ట్రీ అంటే మనిషిలో ఉండే గుణం కాదు, మనిషి కొనుక్కునే ఇంజను. మా యజమాని పడక్కుర్చీలో మధ్యాహ్నం మూడింటిదాకా నిద్రపోయేవాడు. ఆయన ఇండస్ట్రియలిస్టు. గచ్చు మీద ఎండలో ధాన్యం కాళ్ళతో తిరగేసి, చేటలతో చెరిగే ఆడవాళ్ళని 'కూలీలు' అని రాయమనేవాడు. కష్టపడే గుణమని అర్థం ఉన్నప్పుడూ అది వాళ్ళకి దక్కలేదు, ఇంజనని అర్థం వచ్చాకా దక్కలేదు. ఇంక దక్కేదెప్పుడు?

ఒక ఏడు తమ్మిలేరు పొంగి కొల్లేటి లంకలు మునిగాయి. చాలామంది పనులు వెతుక్కుంటూ ఇటు వచ్చారు. ఒక పొద్దున్న గచ్చు మీద చేట పట్టుకుని పెద్దమ్మ కనపడింది. పక్కన కూతురు, ఎదిగిపోయింది. నన్ను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. మేస్త్రీ గట్టిగా అరిచాడు. "కూర్చోండి, కూర్చోండి" అని గబగబా వచ్చేశాను. ఆ రోజు నేను ఆమె మొహం సరిగ్గా చూడలేకపోయాను.

కొద్ది రోజులకి కొత్త ఇంజను ప్రారంభానికి ఒక పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. చూద్దును గదా, ఆనాటి ఇన్‌స్పెక్టరే! హోదా పెరిగింది, పొట్ట పెరిగింది. యజమాని ముందే మేస్త్రీకి గట్టిగా చెప్పాడు, దొరగారు ఉన్నంతసేపూ ఎవ్వరూ చెయ్యి ఆపకూడదని. ఆయన గచ్చు మీదికి వచ్చాడు. చేటలన్నీ ఒక్కటై ఆడుతున్నాయి. ఆయనకి ముచ్చటేసింది.

ఆ వరసలో ఒక్క చేట ఆగింది. పెద్దమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. చేట కింద పెట్టి, కొంగు సర్దుకుని, లేచి చేతులు కట్టుకుంది.

"ఏయ్, కూర్చుని పని చూడు!" అని మేస్త్రీ మీదికి వెళ్ళాడు. నేను ఆగలేకపోయాను. ఉద్యోగం పోతే పోయిందనుకుని, ఆ అధికారికి ఇంగ్లీషులో చెప్పాను. "ఈమె తమరి కోసం లేచిందండి. ఆ రోజు లంకలో ఊరంతా తమరి కోసమే పని ఆపింది. వాళ్ళకి ఇండస్ట్రీ లేదని తమరు రాశారు." ఆయన నన్ను తేరిపార చూశాడు. గుర్తుకొచ్చిందో లేదో నాకు తెలియదు. "మర్యాద తెలిసినవాళ్ళు" అని చిరునవ్వు నవ్వి ఇంజను వైపు నడిచాడు. వెళ్ళేముందు విజిటర్స్ పుస్తకంలో, ఈ మిల్లు యజమాని ఇండస్ట్రీ తనకి ఎంతో ఆశ్చర్యం కలిగించిందని రాసి సంతకం పెట్టాడు. ఏ అర్థంలో రాశాడో ఆయనకే తెలియాలి.

సాయంత్రం పని దిగాక పెద్దమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. కూతురు వెనకాల నిలబడింది.

"పుస్తకంలో రాశారంట కదండీ దొరగారు. ఈసారన్నా మన గురించి మంచిగా రాశారా అండీ? నీళ్ళు తీశాక బడి ఇస్తారంటారా?"

మళ్ళీ ఏదో ఒకటి చెప్పి పంపేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక చెప్పలేకపోయాను.

"మన గురించి ఏమీ రాయలేదు పెద్దమ్మా. ఆ రోజు కాయితంలో కూడా దారి గురించి కాదు రాసింది. మీరు సోమరిపోతులని రాశాడు. పట్టపగలు పనీపాటా లేకుండా ఊరికే నిలబడతారని. అందుకే బడి ఇవ్వలేదు. నేను మీతో అబద్ధం చెప్పాను."

ఆమె కోపం తెచ్చుకుంటుందేమో, ఆయన్ని తిడుతుందేమో అని చూశాను. నేనైతే తిట్టేవాణ్ణి. ఆమె రెండు చేతులూ తిప్పి చూసుకుంది. ఆ తరవాత, నెమ్మదిగానే, అర్థంకాక అడిగినట్టే అడిగింది.

"ఊరికే నిలబడమన్నది మీరే కదండీ?"