అందరికీ బాపు

ఆ సీజన్‌లో మా ఆట చూడడానికి ఒక్క ప్రేక్షకుణ్ని కూడా లోపలికి రానివ్వలేదు. కరోనా రోజులు. ఆడినందుకు జీతమిచ్చే మహిళా బాస్కెట్‌బాల్ లీగ్ సూరత్‌లో పెట్టడమే మాకు పెద్ద పండగ. ఆ పండగ ఖాళీ హాల్లో జరిగింది. మమ్మల్ని హోటల్లో, హాలు పనివాళ్లని హాలు వెనక గదుల్లో పెట్టేశారు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయనిదే ఎవరినీ కదలనిచ్చేవారు కాదు.

నాది ఆ ఊరే. అక్కడి మగ్గాల పేట పాండేసరలో పుట్టి పెరిగాను. మా నాన్నని నేను బాపు అంటాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు. హోటల్లో మొదటి రోజు మా కెప్టెన్ "మీ నాన్నేం చేస్తారు?" అని అడిగితే "కపడే కా కామ్" అన్నాను. బట్టల పని. సూరత్‌లో ఈ మాటకున్న సౌకర్యం ఇంకే ఊళ్లోనూ లేదు. మార్కెట్లో నాలుగు దుకాణాలున్న సేఠూ అదే అంటాడు, మగ్గం నడిపేవాడూ అదే అంటాడు. "ఓహో, సేఠ్ కూతురివా!" అంది కెప్టెన్. నేను నవ్వి ఊరుకున్నాను. అబద్ధమాడలేదు కదా అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఎంత తెలివో!

మొదటి మ్యాచ్‌లోనే జారి వెల్లకిలా పడ్డాను. నా చెమటకి నేల తడిసింది. తుడిచే కర్ర పట్టుకుని ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. నీలం చొక్కా, కళ్ల కిందిదాకా మాస్కు. వంగి తుడుస్తూ, "దెబ్బ తాకిందా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

ఇంట్లో ఉన్నాడనుకున్న మనిషి! నా నోట్లోంచి "బాపూ!" అని వచ్చేసింది.

పక్కనే ఉన్న కెప్టెన్ విన్నది. దొరికిపోయాననుకున్నాను. ఆ పిల్లేమో పకపకా నవ్వింది. ఆమెది రాజ్‌కోట్ వైపు. అక్కడ కాస్త పెద్దరికమున్న ఏ మగమనిషినైనా బాపు అనే పిలుస్తారట. నేల తుడిచే ఆయన్ని నేను సరదాగా గౌరవించాననుకుంది. "వాహ్ బాపు! థాంక్యూ బాపు!" అని తనూ సెల్యూట్ కొట్టింది. ఈయన మా నాన్న అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. బాపు నా మొహంలో ఏం చదివాడో, కర్ర తీసుకుని బాస్కెట్ వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. "గదేం పని అమ్మా? ఇంకేం పని దొరకలేదా ఆయనకు?"

"నన్నేం అడుగుతవ్? మీ బాపునే అడుగు" అంది అమ్మ.

అడగలేదు. లాక్‌డౌన్‌లో సాంచెలు బందయ్యాయి కదా, గతిలేక వచ్చి ఉంటాడని నేనే తేల్చేసుకున్నాను.

వారం తిరిగేసరికి జట్టంతా ఆయన్ని బాపు అనడం మొదలుపెట్టింది. "బాపు, ఇక్కడ తుడువు." "బాపు, ఇవాళ గెలుస్తామా?" మగ్గాల హోరులో బతికినవాడు కాబట్టి బాపుకి చెవులు మందం, గొంతు పెద్దది. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చేంత పెద్దది. ఆ హాల్లో మాత్రం గుసగుసగా మాట్లాడేవాడు. నా పరువు కోసమే. అది తెలిసీ నేను హాయిగా ఉన్నాను. ఒకరోజు కెప్టెన్ పిల్లలెందరని అడిగింది. "ఒక్కతే బిడ్డ. ఊళ్లో ఉంది" అన్నాడు హిందీలో, నేల చూస్తూ. నేను పక్కనే కూర్చుని కట్టిన షూ లేసులే విప్పి మళ్లీ కట్టుకున్నాను.

సెమీఫైనల్ చివరి క్షణాలు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతికొచ్చింది. అడ్డం ఎవరూ లేరు. కళ్లు మూసుకుని వేయాల్సిన బాస్కెట్. బంతి రింగుకి తగిలి బయటపడింది, బజర్ మోగింది. కోచ్ నా వైపు వస్తుంటే నోరు దానంతటదే లేచింది.

"నేల తడిగా ఉంది సార్. జారాను."

ఛీ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

కోచ్ బాపు మీద విరుచుకుపడ్డాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఖాళీ హాలు కదా, ప్రతి తిట్టూ రెండుసార్లు వినిపించింది. బాపు ఒక్కసారి నన్ను చూసి, చేతులు కట్టుకుని, "గల్తీ హో గయీ సాబ్" అని తప్పు తన మీదే వేసుకున్నాడు. కెప్టెన్ ఒక్కతే "బాపుని ఏమీ అనకండి సార్" అని అడ్డంపడింది. ఆయన కన్న కూతురు తువ్వాలులో మొహం దాచుకుంది. మర్నాడే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నేను ఇంటికెళ్లిన రోజు అమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పింది. "సాంచెలు ఎప్పుడో షురూ అయినయ్. సేఠ్ రెండుసార్లు మనిషిని తోలిండు. మీ బాపే పోలే. బయటోళ్లను లోపటికి రానియ్యరంట, బిడ్డ ఆట ఎట్ల చూడాలె అని ఎవలెవల్నో బతిమాలి గా తుడిచే పనిల జేరిండు."

సీజన్ మొత్తానికి ఉన్నదే ఒక్క ప్రేక్షకుడు. ఆయన్ని బయటికి పంపించింది నేను.

బాపు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పయిందని చెప్పడానికైనా మొహం ఉండాలి కదా.

కొన్ని నెలల తర్వాత కెప్టెన్ ఫోన్ చేసింది. బాపు నా పక్కనే అన్నం తింటున్నాడు. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, "మన బాపు ఎక్కడున్నాడో, పాపం" అంది.

"ఎవలు బిడ్డా?" అని బాపు తన అసలు గొంతుతో అడిగాడు.

"మా కెప్టెన్."

"గా రాజ్‌కోట్ పిల్లనా! మంచి పిల్ల. బాపు అడిగిండని చెప్పు!"

ఆ గొంతు ఫోన్లోకి వెళ్లకుండా ఉంటుందా? "ఎవరది?" అంది కెప్టెన్.

"బాపు" అన్నాను. "మన బాపే. మా నాన్న."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె ఒక్కటే అడిగింది.

"మరి ఆ రోజు నేల తడిగా ఉందా?"

బాపు ముద్ద పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"లేదు" అన్నాను, ఆయనకి వినపడేంత గట్టిగా. "ఆ రోజు నేల పొడిగానే ఉంది."