రెండింతల పెడళ్లు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, మా చేన్లలో వేరుశనక్కాయ పోయి సోలారు పలకలు మొలిచిన కొత్తల్లో, నేను పోగొట్టుకున్నవన్నీ ఒకసారి వరసగా కూడి చూస్తాను. ఎడమ మోచేతి తోలు, మూడు దఫాలుగా. ఎడమ కాలి బొటనవేలి గోరు, ఒకే దఫాలో. మోకాళ్ల దగ్గర ప్యాంట్లు రెండు (ఒకే ప్యాంటుకు రెండు మోకాళ్లూ చిరిగి ఉంటే ఖర్చు సగమయ్యేది, కానీ పడేటప్పుడు అంత తీరిక ఉండదు). కోడిగుడ్లు ఒక డజను. పలకలు కడిగే గ్యాంగుకు మేస్త్రీ పని ఒకటి. వీటన్నిటికీ పైన, "ఈయప్ప లెక్క తప్పదు" అని ఊర్లో నాకున్న పేరు. ఇన్ని పోవడానికి కారణం ఒక జత పెడళ్లు అంటే ఎవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకు ఇప్పుడు వచ్చింది.

పార్కు అంటే బెంగుళూరు వాళ్లకు పూలు, ఉయ్యాలలు గుర్తొస్తాయేమో. కన్నడ రాష్ట్రం అంచున ఉన్న మా తెలుగు ఊరికి పార్కంటే కంచె, కంచె లోపల కనుచూపు మేర నల్లటి పలకలు, పలకల మీద ఎండ. ఎండను అమ్ముకోవచ్చని తెలియక మా పెద్దలు ఇన్ని తరాలు ఉత్తినే దాని కింద మాడిపోయారు. చేను గుత్తకు ఇచ్చేశాక చేతులకు పని లేదు. నేను బడిలో చదివింది తక్కువే అయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఎవరి చేనుకు ఎంత గుత్త రావాలో నా దగ్గరికొచ్చి వేయించుకునేవారు, వేశాక కాఫీ తాగి పోయేవారు. కాఫీ నాదే. ఆ సోలారు ప్లాంటులో నాకు దొరికింది పగిలిన పలకలు లెక్కపెట్టే దినకూలి. పగిలితేనే నాకు పని, పగలకపోతే ఇంట్లో కూర్చోవాలి. అందుకే నెలజీతంతో మేస్త్రీ పని ఒకటి రాబోతోందని తెలిసినప్పుడు, దానికి నాకన్న తగినవాడు లేడని నేనే తీర్మానించుకున్నాను. అయితే తీర్మానించాల్సింది నేను కాదు, పెద్దప్ప. ఆయన నాకు చుట్టం కాదు. ఊరందరికీ పెద్దప్పే. ప్లాంటులో ఎక్కువ చేను ఆయనదే కాబట్టి, కాంట్రాక్టరు "మేస్త్రీని మీరే చెప్పండి" అని మర్యాదకు ఆయన చేతిలో పెట్టాడు. పెద్దప్ప దాన్ని మర్యాదగా కాక, అధికారంగా పుచ్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే హెల్మెట్ సారుకు బదిలీ అయింది. బెంగుళూరు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు. అన్నం తినేటప్పుడు తప్ప హెల్మెట్ తీసేవాడు కాదు. ఆదివారమైతే లావు టైర్ల సైకిలు మీద గుట్టలెక్కేవాడు (మేకలు కూడా ఆలోచించి ఎక్కే గుట్టలు). పోతూ పోతూ ఆ సైకిలు నాకిచ్చాడు. దానికి రెండు జతల పెడళ్లు. ఒక జత అరచేయంత వెడల్పు, మీద చిన్న చిన్న ఇనుప మొలకలు, చెప్పులతోనైనా తొక్కవచ్చు. రెండో జత చూస్తే గుప్పెడంత కూడా లేదు, దానికి వేరే బూట్లు. బూటు అడుగున ఒక ఇనుప బిళ్ల ఉంటుంది, తొక్కగానే అది పెడలు నోట్లో ఠక్కున ఇరుక్కుంటుంది. విడిపించుకోవాలంటే మడమను బయటికి మెలిపెట్టాలి. సారు కన్నడంలో మంచిగానే చెప్పాడు, "మీరు ఊర్లో తిరిగేవాళ్లు, ఎప్పుడైనా ఒకసారి గుట్టదాకా పోయేవాళ్లు. మీకు వెడల్పువే సరి. ఇరుక్కునేవి అలవాటు కావాలి."

నేను లెక్క వేశాను. మామూలు పెడలును కిందికి తొక్కినప్పుడే బలం. పైకొచ్చేటప్పుడు కాలు ఉత్తగా సవారీ చేస్తుంది. ఇరుక్కునే పెడలైతే పైకి కూడా లాగవచ్చు. సగం చుట్టు పని చేసేది పూర్తి చుట్టు చేస్తుంది. అంటే రెండింతలు. ప్లాంటుకు నలభై నిమిషాలు పడితే ఇక ఇరవై. చదువుకున్న ఇంజనీరుకు ఇంత చిన్న భాగహారం తెలియలేదే అని జాలిపడి, ఇరుక్కునే జతే బిగించుకున్నాను. బూట్లు ఒక సైజు పెద్దవి. ముందర గుడ్డ పేలికలు కుక్కాను. మొదటి రోజు ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎదురుగాలి అనుకున్నాను.

ఆ లెక్కలో నేను కలపని అంకె ఒకటుంది. దిగడం. మా వైపు పెద్దవాళ్లు ఎదురైతే సైకిలు మీద కూర్చుని దాటిపోకూడదు. దిగి, నాలుగడుగులు తోసుకుంటూ పోయి, మళ్లీ ఎక్కాలి. పెద్దప్ప ఇంటి ముందు కూర్చునే రాతి కట్ట దారికి ఆనుకునే ఉంది. ఆయన పొద్దున్నుంచీ దాని మీదే ఉంటాడు. మొదటి రోజు ఆయన ఊర్లో లేడు. రెండో రోజు ఆయన్ను చూడగానే బ్రేకు పట్టాను, అలవాటు ప్రకారం కాలు కింద పెట్టబోయాను. కాలు రాలేదు. కట్ట ముందర, సైకిలుతో సహా, నరికిన చెట్టులా ఎడమ పక్కకు ఒరిగి, రెండు చేతులూ ముందుకు చాచి, ఆయన పాదాలకు జానెడు దూరంలో బోర్లా పడ్డాను.

"ఏందప్పా ఇది!" అన్నాడు పెద్దప్ప. "ఈ కాలంలో గూడా ఇంత మర్యాద ఉండాదా? చూస్తిరా, సైకిలు దిగేదానిక్కూడా ఆగలేకపోయినాడు!"

పక్కనున్న ఇద్దరు తలలూపారు. నేను "అది కాదు పెద్దప్పా..." అని మొదలుపెట్టేలోపు ఆయనే అన్నాడు, "మేస్త్రీ పనికి ఇట్లాంటోడు కావల్ల." నా నోరు అక్కడితో మూతపడింది. నోరు మూసుకోవడానికి మడమ మెలిపెట్టే పని లేదు కదా.

ఆ తర్వాత రోజుకొకటి. మడమ మెలిపెట్టడం ఇంటి ముందర బాగానే వచ్చేది. పెద్దప్ప కనబడగానే మరిచిపోయేవాణ్ణి. మూడోసారి పడ్డప్పుడు సంచిలో గుడ్లున్నాయి. ఆయన పచ్చసొన తుడుచుకుంటూ దీర్ఘాయుష్షు దీవించాడు. నిజం చెప్పాలంటే, ఐదోసారి పడటంలో నా సొంత ఇష్టం కూడా కొంత కలిసింది. పని దగ్గర పడుతోంది కదా.

మా ఆమె మోచేతికి పసుపు పెడుతూ అంది, "ఏమయ్యా, రెండింతలంటివి. యాడుండాదయ్యా రెండింతలు? పసుపు ఖర్చులోనా?"

"అలవాటయ్యేదాకా అంతే."

"ఎవురికి అలవాటయ్యేది? నీకా, ఆయప్పకా?"

ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేది.

సోమవారం మేస్త్రీ పేరు చెబుతారని తెలిసింది. కాంట్రాక్టరు మనిషి కూడా కట్ట దగ్గరికి వస్తాడట. ఆదివారం కూర్చుని మళ్లీ లెక్క వేశాను. ఊరివాళ్లకు నా పడటం భక్తి. బయటివాడికి అది తాగుడులా కనబడవచ్చు. ముప్పైమందిని నడిపించాల్సినవాడు కాంట్రాక్టరు మనిషి ముందర సైకిలు కింద పడి ఉండటం బాగుండదు. వెంటనే దగ్గరి టౌను వై.ఎన్.హొసకోటకు పోయి, సైకిలు షాపాయనతో వెడల్పు పెడళ్లు బిగింపించుకున్నాను. తిరిగి వస్తుంటే ప్రాణం లేచొచ్చింది. చెప్పులతో తొక్కాను, ఆగాను, కాలు కింద పెట్టాను. కాలు పెట్టగానే భూమి తగలడంలో ఇంత సుఖముందని అంతవరకు తెలియదు.

సోమవారం పొద్దున, నా జీవితంలో అంత అందంగా సైకిలు ఎప్పుడూ దిగలేదు. మెల్లగా ఆపి, కాలు ఆన్చి, స్టాండు వేసి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం పెద్దప్పా" అన్నాను. కాంట్రాక్టరు మనిషి మెచ్చుకోలుగా చూశాడు. పెద్దప్ప మాత్రం తన పాదాల ముందరి నేలను చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తలెత్తి, "అంతేనా?" అన్నాడు.

పని మా ఊర్లో బుల్లెట్టుగాడని పిలిచే కుర్రోడికి పోయింది. మోటారుబండి మీద కట్ట ముందర దుమ్ము లేపుకుంటూ పోవడం తప్ప ఏనాడూ దిగి ఎరగనివాడు. నేను ఉండబట్టలేక అడిగాను, "పెద్దప్పా, వాడు నీకు ఒక్కసారన్నా బండి దిగినాడా?"

"దిగలేదప్పా. మొదట్నించీ ఒకటే తీరుగా ఉండాడు. వానిలో మార్పు లేదు. నువ్వు మాత్రం పని చేతికొచ్చే పొద్దుకు మర్యాద తగ్గించినావు. రేపు జీతమొస్తే తల గూడా వంచవు."

"అవి మర్యాదలు కావు పెద్దప్పా! కాలు ఇరుక్కోని పడిపోయినా!"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంటే ఆరు దినాలు నాతో ఉత్త దీవెనలు పెట్టించుకున్నావా?"

కాంట్రాక్టరు మనిషికి నవ్వొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి ఆయన చాలా కష్టపడ్డాడు, పాపం.

ఇప్పుడు నాకు తల నెరిసింది. ఇప్పటికీ పగిలిన పలకలే లెక్కపెడుతున్నాను, పలకలు కూడా నా మీద దయతో అప్పుడప్పుడు పగులుతున్నాయి. సైకిలుకు ఆ వెడల్పు పెడళ్లే ఉన్నాయి, మొలకలు అరిగిపోయాయి. ఇరుక్కునే బూట్లలో ఒకదాంట్లో మా కోడి గుడ్లు పెడుతుంది. ఆ డజను ఎప్పుడో తిరిగొచ్చేసింది. పెద్దప్ప ఇంకా కట్ట మీదే ఉన్నాడు. చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగి చేతులు జోడిస్తాను. ఆయన, "ఆ సోమవారం దండం ఒకటి బాకీ ఉండాదప్పా," అంటాడు. "ఉండనీ పెద్దప్పా, యాడికి పోతాది," అంటాను. ఒకరోజు ఆ మాట అనకపోతే ఒంట్లో బాగలేదేమోనని మా ఆమెను పంపించి కనుక్కున్నాను కూడా.

మొన్న సాయంత్రం దిగుతుంటే మోకాలు పట్టేసి రెండడుగులు ముందుకు తూలాను. పెద్దప్ప కట్ట మీద సగం లేచి, దీవించడానికి చెయ్యి ఎత్తాడు. ఎంత ఆశ ఆ ముఖంలో! ఎలాగో సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఆయన చెయ్యి దించి, నిదానంగా మళ్లీ కూర్చున్నాడు.

"అయితే ఇంగా ఒకటి బాకీ," అన్నాడు.

"ఒకటే పెద్దప్పా," అన్నాను.