కాలరు కాగితం

కత్తెరమ్మ కుట్టిన చొక్కా తొడుక్కుంటే గూని మనిషి కూడా నిటారుగా నడుస్తాడని చెప్పుకునేవారు. ఒకాయన మరీ నిటారై గుమ్మానికి తల కొట్టుకున్నాడట. అలాంటి దర్జీని పార్టీ ఇరవై ఏళ్లూ జెండాలు కుట్టడానికే వాడుకుంది. పురపాలక సభకు పోటీ చేస్తానన్నప్పుడల్లా, "వార్డుకి ఒక్కరే గెలుస్తారమ్మా. ఆడమనిషిని నిలబెడితే చేజారుతుంది" అనేవారు.

ఆ ఏడు పద్ధతి మారింది. ఓటు పార్టీకి వేస్తారు. వచ్చిన ఓట్లను బట్టి జాబితాలో పైనుంచి కిందికి సీట్లు పంచుతారు. ప్రతి రెండో పేరూ ఆడవాళ్లదే కావాలి. పార్టీ కార్యదర్శి తన పేరు మొదట రాసుకుని, రెండోది కత్తెరమ్మకిచ్చి, తేదీ లేని రాజీనామా మీద ముందే సంతకం పెట్టించుకున్నాడు. మూడో పేరు ఆమె బావగారిది, అంటే భర్త అన్నది. ఆమె తప్పుకుంటే సీటు ఆయనకని వాళ్ల లెక్క.

సరిగ్గా రెండు సీట్లొచ్చాయి. మర్నాడే ఇద్దరూ ఆమెను ఎన్నికల అధికారి బల్ల ముందు నిలబెట్టారు. బావగారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. కుట్టింది ఆమే.

"ఇష్టపడే ఇస్తున్నానని చెప్పు, చాలు" అని కార్యదర్శి గొణిగాడు.

"మాట తిప్పావో, మా తమ్ముడికి ఏం చెప్పాలో నాకు తెలుసు" అన్నారు బావగారు.

అధికారి కలం మూత తీశాడు.

కాలరు కొలతకు కత్తిరించే ముందు ప్రతి చిత్తు కాగితాన్నీ చదవడం ఆమెకు అలవాటు. పార్టీ ఆఫీసులో ఎవరూ తెరవని ఎన్నికల నిబంధనల పుస్తకం చిత్తులోకి పోతుంటే ఆమే తెచ్చుకుంది. సంచిలోంచి కాలరు ఆకారంలో కత్తిరించిన ఆ పుస్తకం కాగితం తీసింది.

"అయ్యా, ఇది అమల్లోనే ఉందా?"

అధికారి ఆ వంపు వెంట తల తిప్పుతూ చదివాడు. "మహిళ ఖాళీ చేసిన సీటు జాబితాలోని తర్వాతి మహిళకే. ఉందమ్మా."

"అంటే నాలుగో పేరు. ఎవరండీ అది, కార్యదర్శిగారూ?"

ఆయన ముఖం పాలిపోయింది. లెక్క సరిపోవడానికి రాసిన ఆ నాలుగో పేరు ఆయన అత్తగారిది.

"ఇంట్లో మిమ్మల్ని నోరెత్తనివ్వరటగా" అంది కత్తెరమ్మ. "ఇక సభలోనూ పక్కనే కూర్చుంటారు."

కార్యదర్శి బల్ల మీది రాజీనామా లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు.

"ఇదేంటయ్యా, మరి నా సంగతి?" అన్నారు బావగారు.

"మీరుండండి. మా అత్తగారి సంగతి మీకు తెలీదు."

కత్తెరమ్మ కాలరు కాగితాన్ని నలగకుండా సంచిలో పెట్టుకుంది.

"బావగారూ, ఆ చొక్కా చంకల్లో పట్టేస్తున్నట్టుంది. ఇచ్చి వెళ్లండి. సభ లేని రోజు వదులు చేస్తాను."