పట్టాభిరామ్ పచ్చగా కనిపించిన మ్యాప్

2023లో నేను తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఆరోగ్య శాఖ డేటా ఉద్యోగిని. మత్తు కోసం నొప్పి మాత్రలు మోతాదు మించి వాడి చనిపోయేవాళ్లు ఏ ప్రాంతంలో పెరగవచ్చో ముందే చెప్పే ప్రోగ్రామ్ ఒకటి మా చేతికొచ్చింది. దీన్ని మెషిన్ లెర్నింగ్ అంటారు. పాత మరణాల వివరాలిస్తే కంప్యూటర్ వాటి పోకడ గమనించి అంచనా కడుతుంది. ప్రమాదమున్న చోటు మ్యాప్‌లో ఎర్రగా, లేని చోటు పచ్చగా కనిపిస్తుంది. ఆగిపోతున్న ఊపిరిని వెనక్కి తెచ్చే నలాక్సోన్ ఇంజెక్షన్లు మాకు కొద్దిగానే వచ్చాయి. అవి ఎర్రగా ఉన్న చోటికే వెళ్తాయి.

మొదటి మ్యాప్ చూసి నేను తెగ మురిసిపోయాను. కనకక్క మాత్రం మూతి విరిచింది. ఆమె తిరుత్తణి నుంచి రోజూ రైల్లో వచ్చి పట్టాభిరామ్ వీధుల్లో పనిచేసే నర్సు.

"పట్టాభిరామ్ పచ్చగా ఉండాదేందన్నా? నీ కంప్యూటర్ యాడ చూసింది?"

"నమోదైన మరణాలే చూస్తుందక్కా. అక్కడన్నీ గుండెపోట్లే."

"పాతికేండ్లోళ్లకి వరసబెట్టి మారడైప్పు, అదే నువ్వనే గుండెపోటు, వస్తాదా? పోస్టుమార్టం అంటే బిడ్డని కోస్తారని భయపడి ఇంటోళ్లు అట్ల చెప్పినారు. నువ్వు అట్లే ఎక్కించినావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కాగితాలన్నీ కళ్లు మూసుకుని ఎక్కించింది నేనే మరి.

ఇద్దరం ఆ ఇళ్లకు వెళ్లాం. కనకక్క ముందుగా కాగితం తీసేది కాదు. గడపలో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, పోయినవాడి చిన్నప్పటి ముచ్చట్లు అడిగేది. అలా అడగడం ఏ శిక్షణలోనూ నేర్పరు.

మూడో ఇల్లు మరియమ్మది. పెద్దకొడుకు పోయి నాలుగు నెలలైంది. చిన్నకొడుకు దాసు ఫ్యాక్టరీ పని మానేసి లోపల పడుకుని ఉన్నాడు.

"చెప్తే వీధంతా నా పెద్దోడిని తప్పుగా మాట్లాడతారక్కా," అంది మరియమ్మ.

"పేరు బయటికి రాదు మరియమ్మా. మా లెక్కలోనే ఉంటాది."

ఆమె గది వైపు చూసి గొంతు తగ్గించింది. "మాత్రలే అక్కా. చిన్నోడు కూడా అదే దోవలో పోతా ఉండాడు. వాడి కోసం చెప్తా ఉండాను, రాసుకోండి."

నేను కాగితం తీసి రాసుకున్నాను. ఆ తర్వాత మరికొందరు తల్లులు నోరు విప్పారు. సరిచేసిన వివరాలతో ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే పట్టాభిరామ్ ఎర్రబడింది. ఇంజెక్షన్లు అక్కడి ఆరోగ్య కేంద్రానికి చేరాయి.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం దాసు పెదవులు నల్లబడి ఇంట్లో ఒరిగిపోయాడు. ఇరుగుపొరుగు ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. కనకక్క ఇంజెక్షన్ ఇచ్చింది. ఊపిరి అందుకున్నాడు. ఆసుపత్రి నుంచి అటే మత్తు మాన్పించే చికిత్సకు వెళ్లాడు.

నేను చూడ్డానికి వెళ్లినప్పుడు, "నువ్వు ధైర్యంగా చెప్పబట్టే బతికాడమ్మా," అన్నాను మరియమ్మతో.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను కాదు సార్. వాళ్ల అన్నే వాణ్ణి కాపాడినాడు."

డేటా అంటే ఏమిటో ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకెవరూ అంత బాగా చెప్పలేదు. అప్పటి నుంచి, విచారించకుండా ఒక్క చావునూ నేను కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు.