వీర్రాజుకి నేనిచ్చిన మాత్రలు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వేదిక మీద, మైకు ముందు, చప్పట్ల మధ్య చెప్పిన అబద్ధం. బాబాల విభూతినీ, సోదెమ్మల పూనకాలనూ, ముహూర్తాల వ్యాపారాన్నీ నిలదీసి ఉతికి ఆరేసినవాణ్ణి నేను. నా ఒక్క మాట జోలికి మాత్రం పోలేదు. గుడికి వెళ్ళేవాడికి చెప్పుకోవడానికి విగ్రహమైనా ఉంటుంది. నాకు అదీ లేదు. ఇంట్లో మాట్లాడేందుకు మనుషులూ లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల్లో ఆగిరిపల్లి దగ్గర హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. వీర్రాజు మామిడి తోటల్లో కాయ కోసే కూలీ. కబడ్డీ బరిలో అతన్ని పట్టి ఆపినవాడు మా చుట్టుపక్కల లేడు. కూతకు వెళ్ళేముందు, దండచేతికి కట్టుకున్న ఆంజనేయస్వామి తాయెత్తును కళ్ళకద్దుకునేవాడు. అది నాకు సహించేది కాదు. మా హేతువాద సభలో అతన్ని వేదిక మీదికి పిలిచి, గెలుస్తున్నది నీ కండలా ఆ రాగిరేకా అని అడిగాను. జనం గొల్లున నవ్వారు. అతనూ సిగ్గుపడుతూ నవ్వాడు. తాయెత్తు విప్పి నా చేతిలో పెట్టాడు. నమ్మకం పోయి కాదు. మాస్టారు అడిగారని.

ఆ తర్వాత పోటీ వస్తోందంటే అతనికి నిద్ర పట్టేది కాదు. ఉంగుటూరు పోటీలు దగ్గర పడ్డాయి. అతను ఓడిపోతే తాయెత్తు గెలిచినట్టే కదా! ఆ భయం అతనిది కాదు, నాది. నా భార్య పోయాక డాక్టరు నాకు రాసిన నిద్రమాత్రలు ఇంట్లో ఉండేవి. అవి ఇచ్చాను. నిద్రపోయాడు. గెలిచాడు. ఆ గెలుపు మీద నేను వ్యాసం రాశాను. అందులో మాత్రల సంగతి లేదు.

తర్వాత పోటీ లేనప్పుడూ అడగసాగాడు. బరిలోకి దిగేముందు గుండెదడ తగ్గడానికీ వేసుకునేవాడు. జట్టులో ఒకరిద్దరికి కూడా ఇచ్చాడని తెలిసింది. నేను హనుమాన్ జంక్షన్ వెళ్ళి, మందుల షాపులో నా పాత చీటీ చూపించి తెచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం స్కూలు వరండాలోకి వచ్చాడు.

"మాస్టారూ, అయిపోయాయండీ."

"అప్పుడేనా? మొన్నేగా ఇచ్చాను?"

"ఒకటేసుకుంటే పనిచెయ్యట్లేదండీ."

"తగ్గించుకో వీర్రాజూ. అలవాటైపోద్ది."

"తాయెత్తే నయమండీ, ఒకసారి కట్టించుకుంటే ఏడాదంతా వచ్చేది. మీ సైన్సేంటండీ, వారం తిరక్కుండానే అయిపోతంది."

నాకు నవ్వొచ్చింది. జేబులోంచి తీసి ఇస్తూ, "దీనికైతే మొక్కక్కర్లేదుగా," అన్నాను.

"మొక్కుతున్నా గదండీ, మీకు."

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఒక మనిషి భయాన్ని వేదిక మీద విప్పించి, దాన్ని తీసుకొచ్చి నా జేబుకు కట్టాను. ఏ బాబా అయినా ఇంతకన్నా ఏం చేశాడు? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదా, తట్టినా తోసేశానా? తోసేశాననే అనుకుంటున్నాను.

ఆ వేసవి కోతల్లో పొద్దున్నే చెట్టెక్కిన వీర్రాజు, మాత్రల మత్తు వదలక, కొమ్మ మీంచి జారి పడ్డాడు. మోకాలు చితికిపోయింది. తాయెత్తు తీసినందుకు స్వామి శిక్షించాడని ఊరంతా అనుకుంది. మా సంఘం పరువు పోతోందని వెంటనే సభ పెట్టాను. నిజం చెప్పి ఉంటే దేవుడి ప్రస్తావన అక్కడితో పోయేది. నా ప్రస్తావన మొదలయ్యేది. అందుకని, వీర్రాజు తాగి చెట్టెక్కాడు, ఇందులో స్వామి ఎక్కడున్నాడు అన్నాను. చప్పట్లు మోగాయి.

వీర్రాజు కల్లు కూడా ముట్టేవాడు కాదు.

ఇంటికొచ్చాక, మాత్రల సంగతి బయటపడుతుందేమోనని భయం పట్టుకుంది. మాత్రలు ఇవ్వడం ఒక్కసారిగా మానేశాను. దాంతో అతనికి చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. కూర్చున్నచోట కూర్చోలేకపోయాడు. సారా దొరక్క వణుకుతున్నాడని ఊరు తేల్చేసింది. నేనాడిన అబద్ధానికి అతని ఒళ్ళే సాక్ష్యం చెప్పింది. తోట కౌలుదారు అతన్ని కింద కాయలు ఏరడానికి కూడా పిలవలేదు. అతను పిల్లల మీద ఒట్టేసి చెప్పినా భార్య నమ్మలేదు. మాస్టారు అంతమందిలో అబద్ధమాడతారా అందట. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

అతను మాత్రం నా పేరు ఎక్కడా ఎత్తలేదు. కర్ర ఊతంగా వచ్చి స్కూలు గేటు ఎదురుగా కూర్చునేవాడు. నేను వెనకదారిన ఇంటికి పోయేవాణ్ణి. ఎందుకు నోరు విప్పలేదు? గౌరవమా? మళ్ళీ మాత్రలు ఇస్తానన్న ఆశా? అడగాల్సింది అతన్నే. అడగకుండా బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకు, అన్నగారింట్లో ఒంటరిగా పోయాడని తెలిసింది. ఆ తర్వాత కూడా నేను ఉపన్యాసాలు ఇచ్చాను. సత్యం గురించే ఇచ్చాను.

దేవుడు లేడన్న మాట మీద నేను ఈరోజుకీ నిలబడతాను. కానీ ఆ మాటను గెలిపించడానికి ఒక మనిషిని ఖర్చు చేశాను. ఆ లెక్క దేవుడి ఖాతాలో వేసే వీలు కూడా నాకు లేదు.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఆగిరిపల్లిలో అప్పటివాళ్ళకు అక్కర్లేదు, పోల్చుకుంటారు. వాళ్ళల్లో ఎవరైనా అతని భార్యకూ పిల్లలకూ నా మాటగా ఇది చెప్పండి. ఆయన తాగలేదమ్మా. మాత్రలు అలవాటు చేసింది నేను. తాగుబోతని ముద్ర వేసిందీ నేనే. క్షమించమని అడగడం లేదు. అడిగే అర్హత లేదని కాదు, అది ఇంకో బరువు మీ మీద పెట్టడమవుతుంది.

ఈ నాలుగు ముక్కలు రాశాక గుండె కాస్త తేలికైంది. నాకు అలా తేలికవడం న్యాయం కాదనీ అనిపిస్తోంది. అయినా తేలికైంది.